గవ్వల అంచుకు పడిన కన్నం

నేను ఒక కన్నాన్ని. గోడకు వేసింది కాదు. ఫైళ్లు దాచే క్లౌడ్ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌లో మిగిలిపోయినదాన్ని. మాదాపూర్‌లో ఒకతను కోడు రాస్తుంటే, "ముందు సరుకు బయటికి పోనీ, లోటుపాట్లు తర్వాత చూద్దాం" అన్నాడు పై అధికారి. ఏ వ్యాపారంలోనైనా నాలాంటివి పుట్టేది ఆ మాట దగ్గరే. నా గుణం ఒక్కటే: ఎవరికైనా పంపిన లింకును యజమాని తర్వాత రద్దు చేసినా, ఆ లింకుతో వచ్చినవాణ్ణి లోపలికి రానిస్తాను.

ఆ సాఫ్ట్‌వేర్‌తో పాటే చీరాలలో కనకలింగం గారి చీరల కొట్టు సర్వరుకు చేరాను. అందులో ఆయన తమ్ముడి భార్య హైమావతి నేత చీరలకు గీసిన గవ్వల అంచు డిజైను ఉండేది. ఏడాదంతా కూర్చుని గీసింది. శ్రావణంలో ఆ చీరలు అమ్ముడైతే మగ్గాలకు డిజైన్లిచ్చే పని ఇక ఆమెదేనని ఆయన మాటిచ్చారు.

ఆషాఢంలో నన్ను పూడ్చే ప్యాచ్ వచ్చింది.

"బావగారూ, సర్వరుకు అప్‌డేట్ వచ్చింది. ఏదో కన్నం ఉందట, వెంటనే పూడ్చమంటున్నారు. పెట్టేయనా?"

"ఆషాఢంలో కొత్తదేమిటమ్మాయ్! శ్రావణం రానీ, కొబ్బరికాయ కొట్టి పెడదాం."

"కొత్తది కాదండీ, రిపేరు."

"కొత్త వెర్షనని తెర మీద రాసుందిగా. నాకు చదవడం రాదనుకున్నావా?"

నిరుడు తగువుపడి వెళ్లిపోయిన కొట్టు ఏజెంటు ధనుంజయ దగ్గర డిజైన్ల ఫోల్డరు పాత లింకు ఉంది, అతను వెళ్లగానే రద్దు చేసినది. ఊరికే నొక్కి చూశాడు. తెరుచుకుంది. నాకు మొహమాటం లేదు, విశ్వాసమూ లేదు. గవ్వల అంచు మిల్లుకు వెళ్లి, అద్దకం గుడ్డగా మారి, శ్రావణం మొదటి శుక్రవారానికి చీరాల బస్టాండు పక్కనే కుప్పగా పడింది.

కొట్లో నేత చీర విప్పగానే ఒకావిడ నవ్వింది. "ఇదా! బస్టాండు దగ్గర పోసి అమ్ముతున్నారుగా. వాళ్లది చూసి నేయించారా?"

హైమావతి చీర మడతపెట్టింది.

ఆ వారంలోనే సర్వరుకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి నన్ను పూడ్చారు. టీ చల్లారేలోపు అయిపోయిన పని. "అమ్మాయిని నమ్మి కంప్యూటర్లో పెడితే ఊరంతా పంచిపెట్టింది" అని వచ్చినవాళ్లతో చెప్పుకున్నారు కనకలింగం. ఆషాఢం సంగతి ఎత్తలేదు. నష్టం ఎవరి నెత్తిన వేస్తే తనకు చవకో ఆయనకు తెలుసు. దొంగ ఎవరో నాకు తెలుసు, నన్నెవరూ అడగలేదు.

ఇప్పుడు కొట్టుకు డిజైన్లు తెస్తున్నది ధనుంజయే. పాత తగువు సర్దుకుంది. "తక్కువకిస్తాడు, మంచివాడు" అంటారు కనకలింగం. వాటిని సర్వరులో సర్దేది హైమావతి. నిన్న వాటిలో గవ్వలు తలకిందులుగా పెట్టిన అంచొకటి వచ్చింది. చాలాసేపు చూసింది. తర్వాత ధనుంజయ పేరు మీదే సేవ్ చేసింది.

నా మీద వేసిన ప్యాచ్ గట్టిది. ఎవరూ రాలేరు. లోపల కాజేయడానికి ఆమెదంటూ ఇక ఏమీ లేదు.