నాలుగో రంగు

అద్దకంవాళ్ళ పిల్లకు నాలుగు రంగుల్లో నాలుగు సున్నాలు వచ్చాయి.

పరీక్ష అంటే పెద్దదేమీ కాదు. పొట్టి బల్ల మీద తెల్లకాగితం పరిచి, టీచరు కుంచెతో ఒక్కో రంగూ పూసి, అది ఏ రంగో అడుగుతుంది. మిగతా పిల్లలు కుంచె పైకి లేవకముందే అరిచి చెప్పారు. ఈ నాలుగేళ్ళ పిల్ల మాత్రం కాగితం మీదికి వంగి ఉఫ్ ఉఫ్‌మని ఊదింది. ఆటలాడుతోందనుకుంది టీచరు. మూడు లెక్కపెట్టి తర్వాతి రంగుకు వెళ్ళిపోయింది.

మునుపైతే ఆగి ఉండేది. భర్త పోయిన ఈ రెండు నెలల్లో ఆమెకు ఎక్కడా ఆగడం చేతకావడం లేదు. మాటకూ మాటకూ మధ్య సందు దొరికితే చాలు, ఇంట్లోని నిశ్శబ్దం వెంటపడి బడిదాకా వచ్చేది. అందుకని సందు లేకుండా చూసుకునేది.

మూడు రంగులైనా చెప్పలేని పిల్లలు ఇంకో ఏడాది చిన్న తరగతిలోనే ఉండాలన్నది పెద్ద టీచరు పెట్టిన నియమం. జాబితాలో ఈ పిల్ల పేరొక్కటే ఎక్కింది. సంతకానికి నాయనమ్మను పిలిపించారు.

ఆమె ముంజేతులదాకా నీలం పట్టిన చేతులతో మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చి, పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చుంది. పిల్ల నోరు విప్పదని చెబితే ముందు నమ్మలేదు. ఇంట్లో దాన్ని గిలక్కాయ అంటారట. దాని వాగుడు పడలేక పిల్లి కూడా పక్కింటికి కాపురం మార్చిందట. తర్వాత, పరీక్ష ఎలా పెట్టారని అడిగింది. టీచరు చెప్పింది.

"తడిమీద అడిగారా, టీచరమ్మా?"

"అవును."

"తడిమీద మా ఇంట్లో ఎవరూ రంగు పేరు చెప్పరు. నీలంలో ముంచిన గుడ్డ తొట్టిలోంచి ఆకుపచ్చగా వస్తుంది. గాలి తగిలాకే కదా అది నీలమయ్యేది. తొందరపడి కూసినవాళ్ళకి మా మావగారు ఆ పూట తొట్టి కడిగే పని అప్పజెప్పేవారు. నేనే ఎన్నిసార్లు కడిగానో." నవ్వింది. "దానికి తెలీక కాదమ్మా. ఇంకా చెప్పే వేళ కాలేదనుకుని ఉంటుంది."

టీచరు సంతకం కాగితం మడిచి, పెద్ద టీచరు గదికి వెళ్ళి సంగతి చెప్పింది. తప్పు తనదేనని కూడా చెప్పింది. పెద్ద టీచరు చెడ్డమనిషి కాదు, కాకపోతే చెవులకన్నా కళ్ళనే నమ్మే మనిషి. తన ఎదుట మళ్ళీ అడగమంటూ లేచి వచ్చింది.

టీచరు నాలుగు రంగులూ పూసింది. కుంచె పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఏమీ అడగలేదు.

పిల్ల వంగి ఊదింది. పెద్ద టీచరు గడియారం చూసుకుంది. నాయనమ్మ కొంగుతో విసరబోయి ఆగిపోయింది. రంగులు తడిగా మెరుస్తూనే ఉన్నాయి. గదిలోకి నిశ్శబ్దం వచ్చి చేరింది; టీచరుకు బాగా తెలిసినదే. గొంతుదాకా మాట వచ్చింది, ఏదో ఒక మాట. మింగేసింది. పిల్ల ఊదీ ఊదీ అలిసిపోయి ఆమె మోకాలికి ఆనుకుంది. ఆ చిన్న బరువు అక్కడే ఉండిపోయింది. ఎంతసేపో టీచరు లెక్కపెట్టలేదు.

చివరికి పిల్ల వేలి వెనకవైపుతో ఒక్కో రంగునూ తాకి చూసింది.

"ఇది ఎరుపు. ఇటుక ఎరుపు కాదు, ఉత్త ఎరుపు. ఇది పసుపు, పలచగా వేశావు. ఇది ఆకుపచ్చ. ఇదీ..." వేలు నాలుగోదాని మీద ఆగింది. "ఇదింకా ఆరలేదు."

పెద్ద టీచరు జాబితా అందుకుని పేరు కొట్టేసింది. మూడు చెప్పింది కదా, చాల్లే, ఇక ఇళ్ళకు వెళ్దామంది.

"మీరు వెళ్ళండి మేడమ్," అంది టీచరు. "ఇంకొకటి ఉంది. మేం కూర్చుంటాం."