చిరిగిన వల లెక్క

సముద్రంలో ఎన్ని చేపలున్నాయో సముద్రానికైనా తెలుసో లేదో గానీ లెక్కలక్కకు మాత్రం తెలుసని రేవులో అందరూ వేళాకోళం చేసేవాళ్లు. నిజానికి ఆమె పడవెక్కితే పావుగంటలో వాంతి చేసుకునే మనిషి. అయినా పాతికేళ్లుగా సముద్ర పరిశోధన సంస్థలో గణాంక శాస్త్రవేత్త. ఓడ మీద వెళ్లినవాళ్లు అక్కడక్కడా వలలు లాగి, పడిన చేపల్ని ఎంచి తెస్తారు. ఆ కాసిని చేపల్ని బట్టి నీళ్లలో ఇంకెన్ని ఉంటాయో, ఆ అంచనాను ఎంతవరకు నమ్మొచ్చో ఆమె చెబుతుంది. ‘సుమారుగా’ అనకుండా టైమెంతో కూడా చెప్పదని ఇంట్లోవాళ్లు ఏడిపిస్తుంటారు.

ఆ ఏడిపించేవాళ్లలో మొదటివాడు తమ్ముడు. వాడికో చేపల పడవ ఉంది. చేపలు బాగా తగ్గిపోయాయని వాడు వెళ్లే అఖాతాన్ని వేటకు మూసేసి మూడేళ్లయింది. మూయాలని తేల్చింది అక్క లెక్కే. వీధిలో అందరూ ఆమెను ఆడిపోసుకుంటుంటే, “మా అక్క ఊరికే చెప్పదు” అని వాడొక్కడే వెనకేసుకొచ్చాడు. అప్పట్నుంచీ ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తున్నాడు. ఈ ఏడూ అఖాతం తెరవకపోతే పడవ అమ్మేయక తప్పదు. బేరం కూడా కుదిరిపోయింది.

సంస్థలో ఒక పద్ధతుంది. చేపలు ఎంచకముందే, ఇన్నుంటేనే వేటకు తెరవాలని ఒక గీత గీసి పెట్టుకుంటారు. పొరపాటుకు చోటిచ్చి అంచనాను కాస్త తగ్గించి చూసినా ఆ గీత దాటితే తెరుస్తారు, లేకపోతే మరో ఏడాది మూతే. ఎంచాక గీత జరపడానికి వీల్లేదు. ఈసారి లెక్క ఆ గీతకు వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది.

“ఈ ఒక్క వల చూడండి మేడమ్,” అన్నాడు ఓడ మీద వెళ్లొచ్చిన జీవశాస్త్రజ్ఞుడు. “మిగతా వాటిల్లో కుప్పలుగా పడ్డాయి, దీన్లో నాలుగు. మర్నాడు చూస్తే వల అడుగున చిరుగుంది. ఇది తీసేస్తే గీత దాటేస్తాం.”

“లాగుతున్నప్పుడే చిరిగిందని ఎవరైనా చూశారా?”

“చూళ్లేదు. రేవులో దించేటప్పుడు చిరిగినా చిరిగుండొచ్చు.”

“అయితే ఉంచండి.”

అతను బతిమాలాడు. ఆమె ససేమిరా అంది. తమ్ముడి పడవ కోసం చేపల్ని పెంచేసిందని రేపెవరైనా అంటే తల ఎక్కడ పెట్టుకోవాలి? పైకి అనలేదు గానీ ఆమె బుర్రలో తిరుగుతున్నది ఆ ఒక్క మాటే. నివేదిక మీద సంతకం పెట్టి డైరెక్టరు బల్ల మీద ఉంచింది. తమ్ముడికి పరాయివాళ్ల నోట తెలియడం ఇష్టం లేక, సాయంత్రం తనే వాడింటికి బయల్దేరింది.

తమ్ముడు వంటింట్లో కూర్చుని కారుతున్న కుళాయికి వాషరు మారుస్తున్నాడు. అక్క ముఖం చూడగానే పానా కింద పెట్టేశాడు.

“కుదరలేదా అక్కా?”

“లేదురా.”

ఆమె కడుపులో మాట దాగదు. చిరిగిన వల సంగతితో సహా అంతా చెప్పేసింది.

“చిరిగిన వల్లో చేపలెలా ఉంటాయి వదినా?” అంది మరదలు, కాఫీ గ్లాసు అందిస్తూ.

“ఎప్పుడు చిరిగిందో తెలీదమ్మా.”

తమ్ముడు కేకలెయ్యలేదు. చేతులు గుడ్డతో తుడుచుకుని, తుడుచుకుని, చివరికి అడిగాడు.

“ఇదే చిరుగు వేరేవాళ్ల అఖాతంలో వచ్చుంటే ఏం చేసేదానివి?”

పోయినేడాది ఉత్తరపు తీరంలో అచ్చం ఇలాగే జరిగింది. ఎప్పుడు చిరిగిందో అక్కడా ఎవరూ చూడలేదు. అనుమానమున్న వలను లెక్కలో ఉంచకూడదని చెప్పి ఆమే తీసేయించింది. అందుకు ఆమెకు క్షణం కూడా పట్టలేదు. ఆ తీరంలో ఆమెకు తమ్ముళ్లెవరూ లేరు.

“తీసేసేదాన్ని,” అంది.

వాడు తల ఊపాడు. మరదలు స్టవ్ వైపు తిరిగిపోయింది. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయంతో సొంతవాడికే అన్యాయం చేశానని ఆమెకు అప్పటికిగానీ తట్టలేదు. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని అక్కణ్నుంచే డైరెక్టరుకు ఫోన్ చేసింది.

“ఈ లెక్క నేను చేయాల్సింది కాదు సార్. ఇది ఏ తీరమో చెప్పకుండా బయటివాళ్లెవరికైనా ఇవ్వండి. చిరుగు సంగతి చెప్పండి, పోయినేడాది మనం ఏం చేశామో అదీ చెప్పండి. వాళ్లేది తేలిస్తే అదే. నా సంతకం కొట్టేయండి.”

ఆమె ఫోన్ పెట్టేసింది.

“వాళ్లు కూడా ఆ వల ఉంచాలంటే?” అన్నాడు తమ్ముడు.

“అప్పుడు పడవ అమ్ముకోవాల్సిందేరా. నేను చేయగలిగింది ఇంకేం లేదు.”

“పర్లేదు,” అన్నాడు వాడు. “పరాయివాళ్లు కాదంటే ఓర్చుకోగలనక్కా.”