మల్లెపూల కట్టు

గంపలో చేపలు సర్దుతుంటే మా అత్త అప్పాయమ్మ పిల్లను నా ఒళ్లో పడేసింది.

"ముందు దీనికి పాలియ్యవే మరిడమ్మా. ఆ ఎడమదే ఇయ్యి. పాలు గడ్డకట్టి అలాగుంది. పిల్ల చీకితే కరిగిపోద్ది."

నోటికి అందించగానే పిల్ల మొహం తిప్పేసుకుంది. కడుపుతో ఉన్నప్పుడే చేతికి తగిలిన గడ్డ అది. అప్పుడు చింతగింజంత ఉండేది, పాలు దిగుతున్నాయిలే అన్నారు. కానుపయ్యాక పాలు కట్టాయన్నారు, కాపడం పెట్టారు, దిష్టి తీశారు. ఇప్పుడది నిమ్మకాయంత అయింది. గంప ఎత్తుకుంటే చంకలో లాగుతుంది. అయినా ఎత్తుకుంటూనే ఉన్నాను, నా గడ్డ కోసం చేపలు కుళ్లకుండా ఆగవు కదా. భయం లేదు, ఏడుపు లేదు. ఎవరిదో ఒళ్లు మోస్తున్నట్టుంది.

మొన్న రాజమండ్రిలో, కొత్తగా కడుతున్న రైలు వంతెన దగ్గర కూలీలకు చేపలమ్మి, ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు దొరసాని గడ్డనూ చంకనూ తడిమి చూసి, తెలుగు నర్సు చేత చెప్పించింది. అది పాలగడ్డ కాదు, రాచపుండు. పిల్లకు పాలు మాన్పించి వస్తే రొమ్ము తీసేస్తారట.

"కోసినా బతుకుతావని మాటివ్వలేనంటున్నారమ్మా. కొయ్యకపోతే మాత్రం బతకవంట."

ఇంటికొచ్చి చెబితే మా ఆయన బుల్లియ్య వల చిక్కు తీస్తూ తలెత్తలేదు. "రొమ్ము లేని పెళ్లాన్ని నేనేం చేసుకోనే?" అన్నాడు. "నిక్షేపంలాంటి పిల్లకి పాలు మాన్పిస్తావా? నువ్వేం తల్లివే?" అంది అత్త. నా బతుకు మాట ఇద్దరూ ఎత్తలేదు. కోపం రావాలి. రాలేదు. పొయ్యి వెలిగించి కూర వండాను.

మా ఇళ్లలో పురిటిబిడ్డ పోతే, పాలు ఎండటానికి తల్లి రొమ్ముల మీద మల్లెపూలు కడతారు. నా మొదటి పిల్లవాడు పోయినప్పుడు అత్తే కట్టింది. అప్పట్నుంచీ మల్లెలు తలలో పెట్టుకోలేదు. బిడ్డ బతికుండగా ఆ కట్టు కట్టుకున్న ఆడది మా పేటలో లేదు.

ఈ ఉదయం గంప సర్దడం ఆపి, పిల్లను తీసుకెళ్లి నా తోడికోడలు వీరవేణి ఒళ్లో పెట్టాను. దానికీ చంటివాడున్నాడు.

"నేనొచ్చేదాకా దీనికి కూడా ఇత్తావా?"

అది నా మొహంలోకి చూసింది. "నువ్వు రాకపోయినా ఇత్తానక్కా. ఎల్లు."

అప్పుడు ఏడ్చాను. ఏడ్చి, దాని పెరట్లో మల్లెలు కోసి, పాతగుడ్డతో బిగించి కట్టుకున్నాను. గంప అరుగు మీదే వదిలేశాను.

రేవులో అత్త ఎదురైంది. పైట కింద పూలవాసన పసిగట్టి గుండెలు బాదుకుంది.

"మల్లెలు కట్టావా! ఎవరు పోయారనే?"

రాజమండ్రి పడవలో కాలు పెట్టాను.

"ఇంకా పోలేదత్తా. అందుకే ఎల్తన్నాను."