ఆడవాళ్ళ వైపు

కృష్ణగిరి మామిడి మండీలో ఒకప్పుడు ఆదెప్ప పేరు చెబితే మనుషులు పక్కకు తప్పుకునేవారు. తాగి ఒకడి చెయ్యి విరిచి జైలుకు కూడా వెళ్ళొచ్చాడు. తర్వాత ఉద్దనపల్లి దగ్గర రేకుల షెడ్డులో పెట్టిన ప్రార్థన మందిరంలో చేరి, మెల్లగా సారా మానేశాడు, కొట్లాటలు మానేశాడు, చివరికి సంఘ పెద్ద అయ్యాడు. మొగుడు పోయి మేకలు కాచుకుంటున్న తన అక్క లక్ష్మక్కనూ, ఆమె ఒక్కగానొక్క బిడ్డనూ తాను చేరిన కొత్తలోనే ఆ మందిరానికి తెచ్చింది అతనే.

ఆ బిడ్డకు పెట్టిన పేరు శశికుమార్. హోసూరు దగ్గర రోజాపూల తోటలో కట్టలు కట్టే పనిలో చేరాక అక్కడి ఆడవాళ్ళు శశికళ అని పిలవసాగారు. తనకూ ఆ పేరే నచ్చింది. చిన్నప్పటినుంచీ తాను ఆడపిల్లననే తెలుసు; చెప్పుకునే చోటు దొరకలేదంతే. మందిరంలో మాత్రం శశి గొంతంటే అందరికీ ఇష్టం. పాట ఎత్తుకుంటే ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు.

2005లో, ఎండాకాలం మొదట్లో, ఒక శనివారం సాయంత్రం శశి చీర కట్టుకుని బస్సు దిగి, ఊరి వీధి గుండా ఇంటికి నడిచి వచ్చింది. లక్ష్మక్క మేకలకు నీళ్ళు పెడుతూ చూసింది. ఆ రాత్రి సంగటి వడ్డిస్తూ, రేపు మందిరానికి మాత్రం ప్యాంటు వేసుకుని రమ్మని బతిమాలింది.

మరునాడు శశి చీరతోనే మందిరానికి వెళ్ళి ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుంది. పక్కనున్న ఇద్దరు లేచి వెనక్కి జరిగారు. పాస్టరు పాట ఆపించాడు. మగవాళ్ళ వైపు వెళ్ళమని ఒకసారి మెల్లగా, ఇంకోసారి గట్టిగా చెప్పాడు.

శశి కూర్చునే జవాబిచ్చింది. "నన్ను ఇట్ల చేసినాయన ముందర ఇట్లే కూర్చుంటాను అయ్యగారూ. యాడికీ పోను."

పాస్టరు ముఖం ఎర్రబడింది. ఇది బిడ్డ మాట కాదు, లోపల దూరిన దురాత్మ మాట అన్నాడు. అది పోయేదాకా తలుపులు తియ్యొద్దనీ, అందరూ గొంతెత్తి పాడాలనీ చెప్పాడు. ఆదెప్పను ముందుకు పిలిచాడు.

ఆదెప్ప మొదట తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. శశి ఆ చేతిని తోసేసింది. అతను చెంప మీద కొట్టాడు. శశి అతని చొక్కా పట్టుకుని గోళ్ళతో మెడ గీరింది. మగవాళ్ళు నలుగురు మీదపడి ఆమెను నేలకు అదిమారు, చీర లాగేశారు. కాళ్ళు పట్టుకోమని పాస్టరు లక్ష్మక్కకు చెప్పాడు. దయ్యం పోతే బిడ్డ మిగులుతుందని నమ్మి, ఆమె ఏడుస్తూనే రెండు కాళ్ళూ గట్టిగా పట్టుకుంది.

ఆదెప్ప చేతిలోని వెదురు కర్ర వీపు మీద, తొడల మీద పడింది. శశి అరిచినప్పుడల్లా పాట ఇంకా పైకి లేచింది. దయ్యం అరుస్తోందని పాస్టరు అన్నాడు. కర్ర చీలిపోతే ఆదెప్ప దాన్ని పారేసి చేతులతో కొట్టాడు. నోట్లోంచి నెత్తురు వచ్చినా ఆపలేదు. విడిపించుకోబోయిన శశి కుడిచేతిని వెనక్కి మెలిపెట్టి, దాని మీద మోకాలు వేసి తన బరువంతా మోపాడు. ఎముక విరిగిన చప్పుడు, అంత పాటలోనూ, కాళ్ళు పట్టుకున్న తల్లికి వినిపించింది.

లక్ష్మక్క కాళ్ళు వదిలేసింది. మూలన, గంట బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్క పక్కన దాన్ని కొట్టే ఇనుప కడ్డీ ఉంది. అది తీసుకుని తమ్ముడి తల మీద కొట్టింది. నుదురు చీలి ఆదెప్ప పక్కకు ఒరిగాడు. అడ్డొచ్చిన పాస్టరు మోకాలి మీదా ఒకటి వేసింది. పాట ఆగిపోయింది.

"తలుపు తియ్యండి," అంది. "తియ్యకుంటే ఈడ ఎవురూ బతకరు."

తీశారు. కూరగాయల టెంపో ఒకటి ఆపి, బిడ్డను తన చీర కొంగుతో కప్పి కృష్ణగిరి ఆసుపత్రికి తీసుకుపోయింది.

కొన్నాళ్ళకు తలకు కట్టుతో ఆదెప్ప ఆసుపత్రికి వచ్చాడు. లక్ష్మక్క లేచి వార్డు గుమ్మంలో అడ్డంగా నిలబడింది. బిడ్డ కాళ్ళు పట్టుకున్న చేతులు ఇప్పటికీ కడుక్కుంటూనే ఉన్నానని, అతని ముఖం చూడలేనని చెప్పింది. లోపలినుంచి శశి, రానివ్వమని అంది.

అతను మంచం దగ్గర నేల మీద కూర్చున్నాడు. క్షమించమని అడగబోతే శశి ఆపింది.

"నువ్వు తాగి మందిరం గుమ్మంలో పడిన దినం నేనూ ఆడ ఉన్నాను మామా. చిన్నబిడ్డను. నీ వాంతి కడిగినారు. మజ్జిగ తాపినారు. మళ్ళీ వారమూ తాగే వచ్చినావు, అప్పుడూ చాప వేసి పండుకోబెట్టినారు. నిన్ను ఎవురన్నా కొట్టినారా?"

ఆదెప్ప లేదన్నట్టు తల ఊపాడు.

"మరి నన్నెందుకు కొట్టినారు? నేనేమీ తాగి రాలేదే. పాడేదానికి వచ్చినాను."

అతను తన చేతులు చూసుకున్నాడు. అక్కకు వినపడకుండా చెప్పాడు. "కొట్టతా ఉంటే నాకు హితంగా ఉన్నింది శశీ. మండీలో ఎట్లుండేదో అట్లే. దేవుడే కొట్టిస్తా ఉండాడనుకున్నాను. కాదు."

శశి ముఖం గోడ వైపు తిప్పుకుంది.

ఆ ఆదివారం మందిరంలో సాక్ష్యాలు చెప్పే సమయానికి ఆదెప్ప లేచాడు. మేనకోడలి చెయ్యి విరిచింది తానేనని, విరుస్తుంటే తనకు సంతోషం కలిగిందని, అందులో దేవుడు లేడని చెప్పాడు. మీరంతా పాడినారు, మీకూ సంతోషంగానే ఉన్నింది అన్నాడు. పాస్టరు పాట ఎత్తమని సైగ చేశాడు. ఆదెప్ప గొంతు పెంచాడు. కేశవులు అనే కుర్రవాడు, శశిని నేలకు అదిమిన నలుగురిలో ఒకడు, కాలరు పట్టి బయటికి లాగాడు. ఆదెప్ప ఓర్చుకుందామనే అనుకున్నాడు. ఓర్చుకోలేకపోయాడు. ఒక్క గుద్దుకు కేశవులు పళ్ళు రాలాయి. తక్కినవాళ్ళు చేతికందిన చెక్కలతో మీదపడ్డారు. పక్కటెముకలు విరిగాక రోడ్డు మీద పారేసి తలుపు మూసుకున్నారు. ఆదెప్ప ఆ మట్టిలోనే కూర్చుని ఏడ్చాడు. దెబ్బలకు కాదు, మళ్ళీ చెయ్యెత్తినందుకు.

లక్ష్మక్క మేకలు అమ్మేసి, శశితో హోసూరు చేరి ఒక గది అద్దెకు తీసుకుంది. శశి చెయ్యి వంకరగా అతుక్కుంది. కట్టలు కట్టే పని చెయ్యలేకపోయినా పూలు ఏరే పనిలో ఉండనిచ్చారు. ఇద్దరూ ఏ మందిరానికీ పోవడం లేదు. పొద్దున్నే గదిలోనే పాడుకుంటారు. లక్ష్మక్క ఇప్పుడు కూతురని పిలుస్తుంది, అప్పుడప్పుడు తడబడుతుంది.

వానాకాలంలో ఆదెప్ప వెతుక్కుంటూ వచ్చాడు. ఊపిరి పూర్తిగా తీయలేక గుమ్మం బయట నిలబడ్డాడు. శశి తలుపు దగ్గరికి వచ్చింది.

"లోపలికి వద్దు మామా. నిన్ను చూస్తే ఇంకా భయమయితా ఉంది."

అతను తల ఊపి వెనక్కి తిరిగాడు. లక్ష్మక్క చెంబుతో నీళ్ళు తెచ్చి మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆదెప్ప అక్కడే నిలబడి నీళ్ళు తాగి, చెంబు జాగ్రత్తగా మెట్టు మీదే పెట్టి, బస్టాండు వైపు నడిచాడు.