బెంచీ మీద హజరత్ వలి

హజరత్ వలి పరుపు మీద మోకాళ్లూని దబ్బనం గుచ్చుతున్నాడు. కనుబొమల నిండా బూరుగుదూది నూగు. చిత్తూరు మార్కెట్టు వెనక సందులో, పెళ్లికాక ముందునుంచీ ఇదే పని. రెండు కుట్లు వేసి ఆగి, దగ్గు తెరపిచ్చాక మళ్లీ దారం లాగుతాడు.

తిరుపతిలో చదువుకుంటున్న లోహిత ఎదురుగా గొంతుకూర్చుంది. పోలీసులు ఎవరిని అనుమానిస్తారు, ఎందుకని అన్నది ఆమె పరిశోధన.

"తాతా, తప్పేమీ లేకపోయినా నిన్నెప్పుడైనా స్టేషన్‌కు పిలిచినారా?"

టీ అంగడి దగ్గర కానిస్టేబుల్ భానుచందర్ నిలబడి ఉన్నాడు. వలి తల దించుకున్నాడు.

"లేదు తల్లీ. మనకు వాళ్లతో ఏం పని?"

గ్లాసు పెట్టేసి ఆ కానిస్టేబులే వచ్చాడు. "వలీ, లెయ్. నిర్మలమ్మగారింట్లో ఉంగరం కనపల్లేదంట. నిన్న ఆడ పరుపులు కుట్టింది నువ్వే గదా?"

నిన్న తను పరుపులు కుట్టిన గదిలోనే వడ్రంగి గంగాధరం కిటికీ తలుపులు బిగించాడు. ఆ మాట వలి నోటిదాకా వచ్చింది. అతణ్ణి ఇరికించడం దేనికని మింగేశాడు.

స్టేషన్లో తండ్రి పేరు, కులం, మతం అడిగి గోడవార బెంచీ మీద కూర్చోబెట్టారు. వీధిలో ఏ వస్తువు పోయినా అతను కూర్చునేది అక్కడే. ఇన్నేళ్లలో ఒక్క కేసూ లేదు. మధ్యాహ్నం దాటింది. దగ్గినప్పుడల్లా ఎడమ రొమ్ము అదుముకుంటున్నాడు.

పొద్దు వాలాక నిర్మలమ్మ ఫోను చేసింది. ఉంగరం బియ్యం డబ్బాలో దొరికిందట.

"ఇంగ పో," అన్నాడు భానుచందర్, తలెత్తకుండా.

బయట కాచుకుని ఉన్న లోహిత, వలి భార్య మదార్‌బీని వెంటబెట్టుకుని లోపలికొచ్చింది.

"గంగాధరాన్ని పిలిచినారా?" అడిగాడు వలి.

"లేదు తాతా, నిన్ను తప్ప ఎవరినీ పిలవలేదు."

వలి ఆమె చేతిలోని నోటుపుస్తకం వైపు చూపించాడు. "పొద్దున నీకు లేదని చెప్పినా గదా తల్లీ. అది కొట్టేసెయ్. పిలిచినారని రాసుకో. మా నాయన్ను గూడా పిలిచేవాళ్లని రాయి."

భానుచందర్ ఈసారి తలెత్తాడు.

"ఇంటికి పోయి చెబుదువులే, లెయ్యయ్యా," అంటూ మదార్‌బీ చెయ్యి పట్టి లేపబోయింది. ఆ చెయ్యి ఆమె వేళ్లలోంచి జారిపోయింది. తల గోడకు ఆనింది. భానుచందర్ పరుగున తెచ్చి పోసిన నీళ్లు పెదాల పక్కనుంచి కారి చొక్కా తడిపాయి.

అతణ్ణి ఆటోలో ఎక్కించి తీసుకుపోయారు. స్టేషన్ మెట్ల కింద రబ్బరు చెప్పులు మిగిలాయి. తెగిన పట్టీకి మందపాటి పరుపుదారంతో వేసిన కుట్లు, దగ్గర దగ్గరగా, గట్టిగా ఉన్నాయి.