నున్నగా రుద్దిన చోటు

మొన్నమొన్నటిదాకా, మూడేళ్లపాటు మా హాల్లో సోఫా ఉండాల్సిన చోట జీపు ఇంజన్ ఉండేది. మా ఆయన ఆఫీసు డ్రైవరుగా ఇరవై ఏళ్లు తోలిన జీపు అది. తుక్కు కింద వేలం వేస్తుంటే పాడుకుని ఇంటికి తెచ్చారు. బండి పెరట్లో, ఇంజన్ హాల్లో, పిస్టన్లు నా పిండి జల్లెడ పక్కన. నట్టు నట్టూ విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పి. కిరోసిన్ వాసనకి నా ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. విసుక్కునే ఓపిక కూడా తర్వాత పోయింది.

పోయిన నెల ఆయన వాల్వులు పట్టుకుని లేతు షాపుకి వెళ్లినప్పుడు, ఇక చూడలేక నేనే డ్రిల్లుకి ఉప్పుకాగితం బిగించి ఇంజన్ పక్కలు రుద్దాను. ఒకచోట ఏవో గీతలూ నొక్కులూ ఉంటే, భుజాలు పడిపోయేదాకా రుద్ది నున్నగా చేశాను. ఆయన వచ్చి, "అబ్బ, అద్దంలా ఉందే!" అని మురిసిపోయి, ఆ ఊపులోనే రంగు వేసేశారు.

ఇవాళ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. జీపు రిజిస్ట్రేషన్ గడువు ఈ రోజుతో సరి. అతను పాస్ చేస్తే రోడ్డెక్కుతుంది, లేకపోతే తుక్కుకే. బండిలోకి ఎక్కించిన ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది.

"ఇంజన్ నంబరెక్కడండీ?" అన్నాడు.

మా ఆయన చూపించిన చోట రంగు గీకి, కాగితం ఆనించి, పెన్సిల్‌తో రుద్దాడు. అచ్చు గుద్దిన నంబరు కాగితం మీదికి రావాలట. కాగితమంతా నల్లబడింది కానీ ఒక్క అంకె రాలేదు.

నేను నొక్కులనుకున్నవి ఏమిటో అప్పుడర్థమైంది. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడటమంటే ఇదే. మెట్టు మీద కూలబడ్డాను.

"ఎవరండీ ఇది రుద్దింది?"

"నేనేనండీ," అన్నారు మా ఆయన, నా వైపు చూడకుండా. "బుద్ధి గడ్డి తిని."

"ఇన్నేళ్లు డ్రైవరు చేసి, ఆ మాత్రం తెలీదా? నంబరు లేకుండా నేను పాస్ చెయ్యలేను." ఆ మాటే కాగితం మీద రాసి, సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

"అబద్ధం ఎందుకు చెప్పారు? చేసింది నేనని తెలుసుగా. నాలుగు తిట్లు తిట్టండి, నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది," అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆయన ఇంజన్ ఆపి, బానెట్ దించి, వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఇన్నాళ్లలో నువ్వు దాని మీద చెయ్యి వేసింది ఆ ఒక్కరోజే," అన్నారు. "అది కూడా తప్పని నా నోటితో ఎలా అనమంటావే?"