మీసాలయ్య పురిటిల్లు

నేను ఒక కూజాను. మెడ లేదు గనక నన్ను కూజా అనడానికి మీకు కాస్త మొహమాటంగా ఉండొచ్చు. ఏం చేస్తాం, ఉన్నమాట చెప్పాలిగా! పుట్టినప్పుడు మాత్రం ఉండేది. పిఠాపురం దగ్గర ఒక కుమ్మరి దంపతులు నన్ను చేశారు. ఒళ్లు ఆయన చక్రం మీద తీస్తే, మెడ ఆవిడ అతికింది. ఆములో కాలుతున్నప్పుడు నా పక్కనున్న కూజా టప్పున పగిలింది. నేను పగల్లేదు. ఆ సంగతి ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను.

కాకినాడ జగన్నాథపురంలో టైలర్ నూకరాజు నన్ను కొని, కుట్టుమిషను పక్కన తడి ఇసకలో కూర్చోబెట్టాడు. మనుషుల గురించి నాకు తెలిసిందంతా అక్కడ తెలిసిందే. జాకెట్టు బిగుతయితే టైలరుని తిడతారు గానీ, తిన్నవాటిని తిట్టరు. తిట్టీ తిట్టీ గొంతెండితే నా దగ్గరికే వచ్చేవారు. "అబ్బ, ప్రాణం లేచొచ్చిందండీ" అని గ్లాసు దించి, మళ్లీ తిట్టడం మొదలుపెట్టేవారు. ఒకరోజు నూకరాజు ఒకాయనకి ప్యాంటు పొడవు గురించి సర్దిచెబుతూ గజంబద్ద గిర్రున తిప్పాడు. అంతే, నా మెడ కాస్తా ఊడి కింద పడింది. నలభై ఏళ్లు జనం మెడలు కొలిచిన మనిషి నా మెడ విరిచాడు, చూడండి మరి.

నూకరాజు భార్య వీరాయమ్మకి ఏదీ పారేయడం చేతకాదు. "ఎందుకైనా పనికొస్తాదిలే" అని పెరట్లో కరివేపాకు మొక్క మొదట్లో పడుకోబెట్టింది. ఆరేళ్లు పడుకునే ఉన్నాను.

ఆ ఇంటి కూతురు సత్యవేణి పురిటికి పుట్టింటికొచ్చింది. పోయినేడు అయిదో నెలలో ఒక కడుపు పోయింది. ఆ వేళకి మొగుడు తాతారావు ఊళ్లో లేడు. ఈసారైనా అతను దగ్గరుండాలని ఆ పిల్ల కోరిక. పైకి అనదు, అంతే. తాతారావుది సామర్లకోటలో మోటారు వైండింగ్ షాపు. వీరాయమ్మది మాత్రం పాతకాలపు పట్టుదల. అల్లుడు ఆదివారం వచ్చి, భోంచేసి, వెళ్లిపోవాలి. పురుడయ్యాక బారసాల దాకా ఆ గది గుమ్మం తొక్కకూడదు. "మగాళ్లకి పురిటింట్లో ఏం పనండీ?" అనేది.

దానికి తాతారావు ఒక ఉపాయం పన్నాడు. తన ఇంట్లో పెంచుకుంటున్న చేపల తొట్టిని ఆటోలో వేసుకొచ్చి, "సత్యకి పొద్దుపోవాలి కదండీ అత్తయ్యగారూ" అంటూ ముందుగదిలో దించాడు. చేపలన్నాక మేత వేయాలి, నీళ్లు మార్చాలి. రోజూ ఎవరో ఒకరు రావాలి కదా! సాయంత్రం ఆరయ్యేసరికి బండి చప్పుడు వినపడేది. చేతిలో చేపల మేత, కళ్లు మాత్రం పెళ్లాం మీద.

అందులో రెండు సక్కర్ చేపలు ఉండేవి. గాజుకి మూతి అంటించుకుని పాకే రకం. జనం వాటిని తొట్టి తుడిచే పనివాళ్లనుకుంటారు, తిండి పెట్టక్కర్లేదంటారు. తాతారావు అలాంటివాడు కాదు, ఉడికించిన సొరకాయ ముక్క వేసేవాడు. ఒకదానికి మూతి నిండా కొమ్మలు కొమ్మలుగా మీసాలు. సత్యవేణి దానికి మీసాలయ్య అని పేరు పెట్టింది. రెండోది నున్నగా, బొద్దుగా ఉండేది గనక బొద్దమ్మ. వీరాయమ్మ తొంగిచూసి, "ఇదేం జెల్లచేపండీ బాబూ, పులుసుక్కూడా పనికిరాదు" అని మూతి తిప్పుకుంది.

దూరడానికి ఒక గుహ ఉంటే వాటికి బాగుంటుందని తాతారావు పెరడంతా వెతికి నన్ను పట్టుకున్నాడు. మూడు రోజులు నానబెట్టి, తోమి, తొట్టిలో పడుకోబెట్టాడు. నా బతుకంతా నీళ్లు నాలో ఉన్నాయి, ఇప్పుడు నేనే నీళ్లలో ఉన్నాను. మెడ విరిగిన చోటి కంతే మీసాలయ్యకి సరిగ్గా సరిపోయింది. మర్నాటికల్లా కాపురం పెట్టేశాడు.

రెండు వారాలకి ఒక పొద్దున సత్యవేణి టార్చి వేసి నాలోకి చూసి, "అమ్మా! గుడ్లే!" అని కేకేసింది. నానబెట్టిన కందిపప్పు ముద్దలా నా గోడకి అంటుకుని ఉన్నాయి. వాటి మీద మీసాలయ్య. బొద్దమ్మ హాయిగా సొరకాయ దగ్గరుంది.

వీరాయమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "గుడ్లు పెట్టిన ఆడది బయటా, ఈ మీసాలోడు లోపలా? బాగుందమ్మా వరస! మగాడికి అక్కడేం పని? తినేస్తాడు, తీసెయ్యండి బాబూ."

ఆ సాయంత్రం తాతారావు నసిగాడు. అత్తగారి మాట కాదనడానికి నోరు రాలేదు. పైగా అతనికి పెంచడమే తెలుసు, ఈ పిల్లల వ్యవహారం తెలీదు. నన్ను ఒంచి కుదిపాడు. మీసాలయ్య బుగ్గల పక్కనున్న ముళ్లు విప్పుకుని నా గోడలు గట్టిగా పట్టుకున్నాడు. వదలనంటే వదలనన్నాడు పాపం. చివరికి వలలో పడ్డాడు. గాలిగొట్టం వేసిన బక్కెట్లో పెట్టి వరండాలో ఉంచారు. బొద్దమ్మని తోలి తోలి నా ముందు నిలబెట్టారు. ఆవిడ తోకాడించుకుంటూ సొరకాయ దగ్గరికే పోయింది.

నాకు నోరుంటే అరిచి చెప్పేదాన్ని. మట్టికి ఏం తెలుసునంటారేమో! వాడు రెక్కలతో ఆగకుండా గుడ్లకి విసరడం నా ఒంటికి తెలుసు. ఆ విసురు ఆగిపోయింది. మర్నాటి సాయంత్రానికి అయిదారు గుడ్లు తెల్లబడి, వాటి మీద దూదిలాంటి బూజు పట్టింది.

సత్యవేణి చూసింది. పొట్ట మీద చెయ్యేసుకుని కుర్చీలో కూలబడి, "పోతన్నాయే అమ్మా. ఇవి కూడా పోతన్నాయి" అంది.

ఆ 'కూడా' ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తాతారావు చేపల షాపు షరీఫ్‌కి ఫోను కలిపి, అందరికీ వినపడేలా పెట్టాడు.

"తండ్రిని తీసేశారా? ఎవరండీ ఆ పని చేసింది?" షరీఫ్ అటునుంచి అరిచాడు. "వీటిల్లో తల్లి గుడ్లు పెట్టేసి వెళ్లిపోద్దండి. గుడ్లకి విసిరేదీ, చెడిపోయినవి ఏరేసేదీ, పిల్లలయ్యేదాకా కాపలా కాసేదీ అంతా ఆయనే. వెంటనే వెయ్యండి. మళ్లీ గుడ్ల దగ్గరికి వెళ్తే అదృష్టం."

తాతారావు అత్తగారి వైపు చూడలేదు. వీరాయమ్మే వరండాలోకి నడిచి, ఆ బక్కెట్టు తనే మోసుకొచ్చింది.

మీసాలయ్య నీళ్లలోకి జారి, ఒక మూల రాయిలా ఉండిపోయాడు. గంట గడిచింది. అలిగాడో, భయపడ్డాడో. వీరాయమ్మ గాజుకి మొహం ఆనించి, "వెళ్లు నాయనా. బుద్ధి తక్కువై చేశాను, వెళ్లు" అని బతిమాలింది. మొన్నమొన్న పులుసుకి పనికిరాదన్న మనిషేనండీ! చివరికి వాడు కదిలాడు. మెల్లగా నా కంతలోంచి దూరి, తెల్లబడ్డ గుడ్లు ఒక్కొక్కటీ మూతితో పీకేసి, మిగిలినవాటి మీద పడుకుని విసరడం మొదలుపెట్టాడు. ఆ విసురు ఒంటికి తగిలేసరికి నాకు ఏడుపొచ్చింది. మట్టిదాన్ని గనక ఎవరికీ కనపడలేదు.

మరో పదిరోజులు వాడు నాలోంచి కదల్లేదు. ఆ తర్వాత ఒకరోజు కంత దగ్గర్నుంచి పక్కకి తప్పుకున్నాడు. గోరంత పిల్లలు బిలబిలమంటూ వచ్చి గాజుకి అంటుకున్నాయి. సత్యవేణి లెక్కకి ముప్పయ్యొకటి, తాతారావు లెక్కకి ఇరవై ఎనిమిది. తేలక ఇద్దరూ నవ్వుకున్నారు.

మరో వారానికి నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. అయిదో రోజున తల్లీబిడ్డా ఇంటికొచ్చారు. ఆ సాయంత్రం తాతారావు వచ్చి, మేత డబ్బా పట్టుకుని నా ముందే నిలబడ్డాడు. పురిటి గది తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. లోపల పిల్ల ఏడుస్తోంది. అతను తొట్టినే చూస్తున్నాడు. మేత వేసి అప్పటికే రెండుసార్లయింది.

వీరాయమ్మ గదిలోంచి వచ్చి ఆ డబ్బా లాక్కుంది. "అవి పొట్టలు పగిలి చస్తాయి గానీ, లోపలికి రండి బాబూ. పిల్ల ఊరుకోడం లేదు."

చూడ్డానికొచ్చిన పక్కింటామె బుగ్గలు నొక్కుకుంది. "అదేంటి వీరాయమ్మొదినా! బారసాల కాకుండానే అల్లుడు లోపలికా?"

"ఉండనియ్యమ్మా" అంది వీరాయమ్మ. "మొన్నోసారి తండ్రిని తీసి బక్కెట్లో పెట్టాను. మళ్లీ పెట్టను."

తాతారావు కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాడు.